ఉప్పు చూసే ఉద్యోగం

సర్కారు నాకు జీతమిచ్చింది కోవిల్‌పట్టి బంగళాకు కావలి కాసినందుకు. గదులు తుడిచాను, తొట్లు నింపాను, పంకా లాగాను. దొరలు వస్తే దండం పెట్టాను, పోతే తాళం వేశాను. ఇవన్నీ పింఛను కాగితాల్లో ఉన్నాయో లేదో నాకు తెలియదు. నేను మనసుపెట్టి చేసిన పని మాత్రం వాటిలో లేదని ఖాయంగా చెప్పగలను. ఏడాదిలో ఒక్క నెల, రంజాన్ నెలలో, నేను ఆ బంగళా వంటింట్లో ఉప్పు చూసేవాణ్ణి.

ఇప్పుడు కొత్తగా కొలువులో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికొచ్చి కూర్చుంటారు. "మీ కాలంలో దొరలు ఎలా ఉండేవాళ్ళు?" అని అడుగుతారు. దొరల సంగతి నన్నడిగితే ఏం లాభం నాయనా? వాళ్ళు వచ్చారు, తిన్నారు, పోయారు. వాళ్ళకు వండిన మనిషి సంగతి అడగండి, చెబుతాను.

మాది విళాత్తికుళం వైపు నల్లరేగడి ఊరు. మిరప, పత్తి, సజ్జ వేసుకుని బతికే తెలుగువాళ్ళం. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. వరసగా వానలు మొహం చాటేస్తే పొలం అన్నకు వదిలేసి నేను కోవిల్‌పట్టి వచ్చి బంగళాలో చేరాను. అప్పటికే అక్కడ వంటమనిషిగా విరుదునగర్ సాయిబు ఒకాయన ఉన్నాడు. ఆ ఊరిని పెద్దవాళ్ళు ఇంకా విరుదుపట్టి అనే రోజులవి. ఆయన నాకంటే బాగా పెద్దవాడు. నేను "బాయీ" అనేవాణ్ణి, ఆయన నన్ను మా కులం పేరు పెట్టి "నాయక్కరే" అనేవాడు. చిన్నప్పట్నించీ మా ఊళ్ళ చుట్టూ తిరిగి పెళ్ళిళ్ళకు వండినవాడు కాబట్టి మా తెలుగు బాగానే వచ్చు. అయితే నోరు మంచిది కాదు. కట్టె తడిగా ఉంటే కట్టెను తిట్టేవాడు, కట్టె తెచ్చిన నన్నూ తిట్టేవాడు, ఆ కట్టె కాసిన చెట్టునూ వదిలేవాడు కాదు.

నేను చేరిన ఏడు రంజాన్ నెల అగ్గి ఎండల్లో పడింది. తమిళులు కత్తిరి అంటారే, ఆ ఎండలు. ఆ ఎండలో ఆయన పొయ్యి ముందర నిలబడి పొద్దంతా దొరలకు సూపులూ కూరలూ వండేవాడు. పొద్దు పొడవక ముందు నుంచి పొద్దు వాలేదాకా గుటకెడు నీళ్ళు కూడా తాగడు. అంతకంటే వింత, ఆ నెలంతా ఎవర్నీ పల్లెత్తు మాట అనడు. నాకైతే ఆయనకేదో జబ్బు చేసిందనిపించి భయమేసింది.

రెండో రోజో మూడో రోజో నన్ను పిలిచాడు.

"నాయక్కరే, ఇట్లా రా. చెయ్యి పట్టు."

చెయ్యి చాచాను. గరిటెతో కోడికూర పులుసు ఒక చుక్క నా అరచేతిలో వేశాడు.

"ఉప్పు చూసి చెప్పు."

మా ఇళ్ళల్లో సాయిబుల చేతి మంచినీళ్ళు కూడా ముట్టరు. "నేనా బాయీ?" అన్నాను.

"ఇంగ ఎవురుండారు ఈడ? గోడకా చూపించేది?"

"మీరే చూడొచ్చు గదా. నాలిక మీద పెట్టి ఉమిసేస్తే?"

"పళ్ళివాసల్ హజ్రత్తు కూడా అదే చెప్పె," అన్నాడు. పళ్ళివాసల్ అంటే మసీదు. హజ్రత్తు అక్కడ నమాజు చేయించే పెద్దాయన. నోంబు అంటే ఉపవాసం. "వంటోడు అవసరానికి నాలిక కొనతో చూసి ఉమిసేస్తే నోంబు పోదంట. అది మంచి నాలిక ఉండేవాళ్ళకి సరి. నాది దొంగ నాలిక, నాయక్కరే. పుట్టినప్పట్నించి రుచి చూసి మింగి మింగి దానికి అలవాటైపోయె. నేను ఉమిసే లోపల అది మింగేస్తుంది. దాన్ని నమ్మేదానికి లేదు."

నా నాలుకను నమ్మాడు. ఎందుకు నమ్మాడో ఇప్పటికీ తెలియదు. నాకి చూసి "సరిగ్గా ఉండాది" అన్నాను. ఆ కూర ఆ రోజు బంగళాలో దిగిన ఇంజనీరుగారి బల్ల మీదికి వెళ్ళింది. ఆయనది గోదావరి వైపు. మొదటి ముద్దకే ఆయన కళ్ళనిండా నీళ్ళు. రెండు గ్లాసుల నీళ్ళు తాగి, "ఇది కూరా, కొరివా? ఎవరయ్యా దీన్ని రుచి చూసింది?" అని కేకపెట్టాడు. మిరపచేలల్లో పెరిగిన నా నాలుకకు అది చప్పగానే తగిలింది మరి! నన్నడిగింది ఉప్పు. కారం సంగతి నేను పట్టించుకోలేదు.

"నేను దా చూసినాను సామీ," అన్నాను చేతులు కట్టుకుని. మా యాసలో "నేను దా" అంటే నేనే అని.

ఆయన నోరు చల్లబడే దాకా ఊరుకుని, తర్వాత పకపకా నవ్వాడు. "నీదే కాలపు తెలుగయ్యా? మా తాతమ్మ లేచొచ్చి మాట్లాడినట్టుంది," అన్నాడు. ఆ నవ్వుతోనే నా మీద ఆయనకు అభిమానం పుట్టింది. రోడ్ల పనికీ వంతెనల పనికీ ఏడాదికి నాలుగైదుసార్లు వచ్చి దిగేవాడు. సాయంత్రాలు నన్ను మెట్ల మీద కూర్చోబెట్టి తెలుగు అక్షరాలు దిద్దించాడు. ఈ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన చలవే.

వంటింట్లోకి వెళ్ళాను, ఈ దెబ్బతో నా పని అయిందనుకుంటూ. బాయి గిన్నెలు కడుగుతున్నాడు. తలెత్తి నా వైపు చూసి పళ్ళు బిగించాడు.

"ఇప్పుడు తిట్టను. నోంబులో ఉండాను. పండగ పోనీ, అప్పుడు తిడతా. నేను మరిచిపోతే నువ్వు గుర్తు చెయ్యి."

పండగ మర్నాడు బుద్ధి లేక నిజంగానే గుర్తు చేశాను. నెల రోజులు దాచిపెట్టుకున్నదంతా వడ్డీతో సహా తిట్టిపోశాడు. తిట్టడం అయ్యాక సేమ్యా పాయసం గిన్నె నా ముందుకు తోశాడు.

ఉప్పు చూసిన సంగతి ఎలాగో నా భార్య చెవిన పడింది. ఇంటికి వెళ్ళగానే గుమ్మంలోనే నిలదీసింది. "మింగినారా, ఉమిసినారా?"

"ఉమిసినాను," అన్నాను.

అబద్ధం. ఒక్క చుక్క కూడా ఉమియలేదు. అలాంటి వంట ఉమియడానికి మనసెలా వస్తుంది? ఈ మాట బాయికి చెబితే కట్టెల మీద కూలబడి నవ్వాడు. "నా దేవుడు అడిగేది, నీ పెండ్లాం అడిగేది ఒకటే మాట!" అన్నాడు.

అలా ప్రతి రంజాన్‌కూ ఆయన నాలుక నేనే అయ్యాను. క్రమంగా నాకు పని పట్టుబడింది. ఏ దొరకు ఎంత ఉప్పో, ఎవరికి మిరియం పడదో, నాకు నచ్చితే అందులో సగం కారం తగ్గించాలనీ తెలుసుకున్నాను. ఒకరోజు ఉండబట్టలేక అడిగాను. "బాయీ, ఇంత ఆకలికి ఎట్లా ఓరుస్తారు?"

"ఆకలిదేముంది? మీ ఊళ్ళో వాన పడకుంటే ఊరంతా ఆకలే. దాన్ని నోంబు అంటారా? కూడు ముందర ఉండి, నీళ్ళు పక్కన ఉండి, ఎవురూ చూడకుండా ఉండి, వద్దు అని నువ్వే చెప్పల్ల. ఈ వంటింట్లో నేను ఒంటిగా ఉండాను. తలుపు మూసి తాగేస్తే నీకు తెలుస్తుందా? దొరకు తెలుస్తుందా? పోనీ అని ఊరకే ఉండేది, అది దా నోంబు. కోపం కూడా అంతే. తిట్టు నోటి దాకా వస్తుంది, వెనక్కి మింగల్ల. నాకు నీళ్ళకంటే అది దా కష్టం."

రంజాన్ నెల చంద్రుడి లెక్కలో ఏడాదికేడాదికి కొంచెం ముందుకు జరుగుతుంది. తమిళ నెలల్లో చెబితే, కత్తిరి ఎండల్లో ఉన్నది పంగుని నెలకు, అక్కణ్ణుంచి మాసికి, చివరికి తై నెల, అంటే సంక్రాంతి రోజుల చలికి వచ్చేసింది. పొద్దు పొట్టిది, గాలి చల్లనిది. "ఇంగ కొన్నేండ్లు పండగే నాయక్కరే," అని బాయి చిన్నపిల్లాడిలా ఎదురు చూశాడు. ఎండల్లో పట్టిన నోంబులకు అల్లా ఇస్తున్న సెలవుగా లెక్కేసుకున్నాడు.

ఆ చలికాలపు రంజాన్‌కు కొంచెం ముందు, దీపావళి నాటి ఐప్పసి వానల్లో, పొయ్యి దగ్గరే రక్తం కక్కుకున్నాడు. ఇంజనీరుగారు అదృష్టవశాత్తు బంగళాలో ఉన్నాడు. తన మోటారులోనే విరుదునగర్ తీసుకుపోయి డాక్టరుకు చూపించాడు. కడుపులో పుండు. డాక్టరు ఖండితంగా చెప్పాడు, కడుపు ఖాళీగా ఉంచకూడదు, పూటపూటకూ మధ్యలో పాలో గంజో పడుతూనే ఉండాలి, నోంబు పడితే ప్రాణానికి తన పూచీ లేదని.

బాయి డాక్టరు మాట నమ్మక హజ్రత్తు దగ్గరికి పోయాడు. హజ్రత్తూ అదే అన్నాడు. జబ్బు మనిషికి నోంబు లేదు. నయమైతే తర్వాత పట్టి తీర్చుకోవచ్చు, నయం కాని జబ్బయితే తప్పిన ఒక్కో నోంబుకూ ఒక బీదమనిషికి కడుపునిండా పెడితే చాలు. బాయి ఆ ఏర్పాటు కూడా చేశాడు. విరుదునగర్‌లో కొడుకు ఇంటి పక్కనున్న దిక్కులేని ముసలామెకు రోజూ కూడు పెట్టమన్నాడు.

"అయితే ఇంగేమి బాయీ? బాకీ తీరె గదా," అన్నాను.

"బాకీ తీరె. ఆకలి తీరలే."

"ఏం ఆకలి?"

"నోంబు ఆకలి," అన్నాడు. నాకు అర్థం కాలేదు. ఏ మనిషైనా ఆకలి కావాలని ఆశపడతాడా? మా ఊళ్ళో ఆకలి చూసి పారిపోయి వచ్చినవాణ్ణి నేను.

మొదటి నోంబు రోజు ఇంజనీరుగారు బంగళాలోనే ఉన్నాడు. మధ్యాహ్నం కూర ఉడికింది. నేను అలవాటుగా వెళ్ళి చెయ్యి చాచాను. బాయి గరిటె నా చేతి దాకా తెచ్చి ఆపాడు.

"ఈ ఏడు నీకు పని లేదు నాయక్కరే."

తన అరచేతిలో వేసుకుని తనే నాలుక పెట్టాడు. పొయ్యి వైపు తిరిగి నిలబడ్డాడు. భుజాలు కదులుతున్నాయి. అంతమందిని అన్ని తిట్లు తిట్టిన మనిషి, వెక్కి వెక్కి ఏడ్చాడు. తనవాళ్ళంతా నోంబులో ఉండగా తనొక్కడే నోట్లో కూర పెట్టుకున్నాడు, అదీ డాక్టరు హుకుం మీద, మందులాగా. అక్కడ నిలబడలేక బయటికొచ్చేశాను.

ఆ రాత్రి నాకో ఉపాయం తట్టింది. నవ్వకండి, మా ఇంటి పద్ధతిలో ఆలోచించాను. మా ఇళ్ళల్లో ఉపవాసాన్ని ఒక్కపొద్దు అంటారు. ఒక్కపొద్దు ఎవరో ఒకరి కోసం ఉండేదే. నాన్నకు పాము కరిచినప్పుడు ఆయన బతకాలని మా అమ్మ వారాలు వారాలు ఒక్కపొద్దులుంది. బిడ్డకు జ్వరమొస్తే తల్లి ఉంటుంది, అన్న ఊరెళితే చెల్లెలు ఉంటుంది. ఒకరి కడుపు మాడితే ఇంకొకరికి ఫలం. మరి బాయికి ఇంట్లో అలా ఉండేవాళ్ళెవరూ లేరా? ఆయన నాలుకగా ఇన్నేళ్ళు పనిచేసినవాణ్ణి నేను లేనూ!

మర్నాడు పొద్దు పొడవకముందే సజ్జకూడు తిని, ఎవరికీ చెప్పకుండా మొదలుపెట్టాను. మా ఒక్కపొద్దులో మజ్జిగ తాగవచ్చు, పండు తినవచ్చు. వాళ్ళది గట్టి నోంబు, గుటక కూడా మింగకూడదని బాయి నోటే విన్నాను. దాన్ని అక్షరాలా పట్టుకున్నాను. పొద్దున్నించీ నోట్లో ఊరిన ఎచ్చిలి కూడా మింగకుండా గోడవారన ఉమిస్తూ తిరిగాను. మధ్యాహ్నానికి నాలుక పిడచగట్టుకుపోయింది. తై నెలే అయినా పొద్దు తిరిగాక ఉక్కగా ఉండి, ఇంజనీరుగారు కాగితాలు చూసుకుంటుంటే వరండాలో కూర్చుని పంకా లాగుతున్నాను. కళ్ళు బైర్లు కమ్మాయి. ఆ తర్వాత మొహాన నీళ్ళు పడుతుంటే కళ్ళు తెరిచాను.

"తిన్నావా లేదా?" అంటున్నాడు ఇంజనీరుగారు.

"ఒక్కపొద్దు అయ్యా."

"ఎవరికి?"

"బాయికి," అన్నాను.

ఆయనకు నవ్వాగలేదు. నవ్వుతూనే వంటింటి వైపు తిరిగి, "ఇదిగో, నీ నోంబు ఇక్కడ పడిపోయి ఉంది, వచ్చి తీసుకెళ్ళు!" అని పిలిచాడు. బాయి వచ్చి విన్నాడు. విన్నాక, ఇన్నేళ్ళల్లో మొట్టమొదటిసారి, రంజాన్ నెలలో తిట్టాడు.

"నీకు బుద్ధి ఉండాదా? పెండ్లాం బిడ్డలు ఉండేవాడివి, ఈడ పడి చస్తే ఎవురు జవాబు చెప్పేది? నా నోంబు పట్టేదానికి నువ్వెవుడు? నాలిక ఇచ్చినావు, సరి. ఆకలి యాడన్నా ఒకరికొకరు ఇస్తారా?"

నాకు దుఃఖం పొంగుకొచ్చింది. "మా ఇంట్లో ఇస్తారు బాయీ. మా అమ్మ ఇచ్చింది. మా నాయన బతికె," అన్నాను.

ఇంజనీరుగారు నవ్వు మానేసి కాగితాల్లోకి తలదించుకున్నాడు. బాయి నా పక్కన నేల మీద కూర్చున్నాడు.

"నీళ్ళు తాగినావా?"

"లేదు. మొహాన చల్లినప్పుడు కూడా పెదవులు బిగించినాను."

"మరి ఇంతలో దా పడిపోతివి?"

"ఎచ్చిలి మింగలే బాయీ. పొద్దున్నించి ఉమిసినాను."

బాయి నా మొహంలోకి చూసి తల కొట్టుకున్నాడు. "ఎచ్చిలి మింగొచ్చు రా పిచ్చోడా! ఎవుడు చెప్పినాడు నీకు ఉమియమని?" అని నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయాడు. నవ్వులోంచే కళ్ళు తుడుచుకున్నాడు.

"ఇప్పుడన్నా కూడు తిను, లే," అన్నాడు ఇంజనీరుగారు.

నేను తల అడ్డంగా ఊపాను. "పొద్దు వాలేదానికి ఇంగ కొంచెం దా ఉండాది. ఓర్చుకుంటావా?" అన్నాడు బాయి మెల్లగా. ఓర్చుకుంటానన్నాను. పంకా ఇంజనీరుగారు వద్దన్నాడు. నన్ను వంటింటి వెనక నీడలో కూర్చోబెట్టి బాయి పొయ్యి రాజేశాడు. బియ్యం, పెసరపప్పు, మెంతులు, వెల్లుల్లి వేసి గంజి కాచాడు. కొబ్బరి పిండి పాలు పోశాడు. ఉప్పు వేసి, నన్నడగకుండా తనే చూసుకున్నాడు. ఈసారి మొహం తిప్పుకోలేదు.

"విను నాయక్కరే," అన్నాడు గంజి కలుపుతూ. "నువ్వు పట్టింది నా నోంబు కాదు. నాది నాకే, తప్పిపోయె, సరి. ఇది నీది. అయితే ఒకటుండాది. నోంబులో ఉండేవాడికి పొద్దు వాలినాక మొదటి గుక్క ఎవుడిస్తాడో, వాడికి కూడా ఆ నోంబు ఫలం అంతే వస్తుందంట. పట్టినవాడిది రవ్వంత కూడా తగ్గదంట. మావాళ్ళు పట్టితే దా అది చెల్లుతుందా, నువ్వు పట్టినా చెల్లుతుందా, నాకు తెలీదు."

"హజ్రత్తును అడగండి."

"అడగను."

"యాంటికి?"

"లేదని చెప్తే?" అన్నాడు.

ఊరి వైపు నుంచి పళ్ళివాసల్ పిలుపు వినిపించింది. బాయి నా చేతిలో ఒక ఖర్జూరపు పండు పెట్టాడు. చెంబెత్తి నా దోసిట్లో నీళ్ళు పోశాడు. తర్వాత గంజి గిన్నె అందించాడు. చుక్క చుక్కగా ఆయన వంట నాకినవాణ్ణి గదా, ఆ రోజు గిన్నెడు తాగాను. కులం గుర్తుకు రాలేదని అంటే అబద్ధం. గుర్తొచ్చింది, అయినా తాగాను. నేను తాగుతున్నంతసేపూ ఆయన నా గొంతు వైపే చూస్తున్నాడు, ఆ గంజి తన కడుపులోకే దిగుతున్నట్టు. అలాంటి సంతోషం నేను ఇంకే మొహంలోనూ చూడలేదు. నా సర్వీసులో నాకు దొరికిన మెచ్చుకోలు అదొక్కటే.

ఆ నెలంతా, ఒంట్లో బాగున్న రోజుల్లో, పట్టాను. కొన్ని తప్పిపోయాయి కూడా. సాయంత్రమయ్యేసరికి బాయి గంజి కాచి, శుభ్రమైన చొక్కా తొడుక్కుని, పిలుపు కోసం నాకంటే ముందే చెవి ఒగ్గి కూర్చునేవాడు.

మరుసటి రంజాన్ దాకా ఆయన ఉండలేదు. ఆ ఏడు వానల్లో పుండు మళ్ళీ తిరగబెట్టింది. విరుదునగర్‌లో మట్టి చేశారు. నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది. బంగళాకు కొత్త వంటమనిషి వచ్చాడు. మంచివాడే. కూరలో ఉప్పు తనే చూసుకునేవాడు, నేను వంటింట్లోకి వెళ్ళాల్సిన పనే ఉండేది కాదు.

తై నెల వచ్చింది. నెలవంక కనిపించిందని ఊళ్ళో గోల విన్నాను. మర్నాడు తెల్లవారుజామునే లేచి, ఎందుకో నాకే తెలియకుండా, కూడు తిని నోరు కట్టేసుకున్నాను. బంగళా ఖాళీగా ఉంది. మధ్యాహ్నం నా భార్య సద్ది మూట తెచ్చింది. నేను ముట్టకపోయేసరికి అర్థం చేసుకుంది.

"ఎవురికి ఒక్కపొద్దు? బాయికా?"

"ఒకరిది ఒకరికి రాదంట," అన్నాను. "నాకు దా."

ఆమె బతుకులో ఎన్నో ఒక్కపొద్దులున్న మనిషి. పిల్లలకు, నాకు, మా అన్నకు, గొడ్డుకు కూడా. తనకోసం ఒక్కటీ ఉండి ఎరగదు. సద్ది మూట పక్కన పెట్టి, నా మొహంలోకి వంగి చూసింది.

"మీకే అయితే యాంటికి ఏడుస్తా ఉండారు?" అంది.

ఆమె ఇంటికి పోకుండా, పొద్దు వాలేదాకా నా పక్కనే కూర్చుంది.